కణం లోపలి 24 గంటలు

కణం లోపల పనులు చాలా వేగంగా జరుగుతాయి. ఒక ఎంజైము తన పనిని సెకనులో వందల సార్లు చేయగలదు. ఒక జన్యువులోని సమాచారం ఆర్ఎన్ఏగా నకలు కావడానికీ, ఆ నకలును బట్టి ప్రోటీన్ తయారు కావడానికీ సాధారణంగా నిమిషాలు చాలు. అంత తొందరగా పనులు ముగించుకునే కణం, సూర్యుణ్ని ఎన్నడూ చూడకుండా కాలేయంలోనో మూత్రపిండంలోనో చీకట్లో ఉంటూ, దాదాపు 24 గంటల లెక్కను రోజు తర్వాత రోజు తప్పకుండా ఎలా నిలుపుకుంటుంది? ఈ ప్రశ్నకు గత యాభై ఏళ్లలో దొరికిన సమాధానం జీవశాస్త్రంలో నాకు అత్యంత ఇష్టమైన విషయం. జన్యువులు పని మొదలుపెట్టడం వల్ల ఈ లెక్క, అంటే కణం లోపలి గడియారం, నడవడం లేదు. అవి తయారు చేసిన ప్రోటీన్లు తమ పని తాము చేయడానికి తీసుకునే ఆలస్యం వల్ల నడుస్తోంది. ఆ ఆలస్యం ఎంతో, దాన్ని ఎవరు నిర్ణయిస్తారో వివరంగా చెప్పాలన్నదే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

నేను నెల్లూరు జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. మా విద్యార్థుల్లో చాలామంది తీర మండలాల నుంచి వస్తారు; అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండే తండ్రులూ అన్నదమ్ములూ లేని ఇల్లు వారిలో అరుదు. పాఠ్యపుస్తకంలో అర పేజీతో ముగిసే ఈ పాఠం మా ప్రాంతంలో అర పేజీతో ముగించదగినది కాదని నా అభిప్రాయం.

ముందుగా ఒక విషయం స్పష్టం కావాలి. శరీరంలోని దినచర్య వెలుతురును చూసి పుట్టేది కాదు, వెలుతురు దాన్ని సరిదిద్దుతుంది అంతే. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్, ఆయన సహచరులు వెలుతురు చొరబడని గుహలో గబ్బిలాలను బంధించి గమనించినప్పుడు, తోటి గబ్బిలాల గుంపు సాయంత్రం బయటికి వెళ్లి తెల్లవారుజామున తిరిగివచ్చే గుహలో ఉన్నవి ఆ గుంపు వేళలనే పాటించాయి. గుంపు లేని చోట ఒంటరిగా ఉన్నవి మాత్రం తమ లోపలి లెక్క ప్రకారం మెల్లగా బయటి కాలం నుంచి జరిగిపోయాయి. రెండు సందర్భాల్లోనూ గడియారం ఆగలేదన్నది గమనించవలసిన సంగతి.

ఈ లెక్క జన్యువుల్లో ఉందని మొదట చూపినది క్షీరదం కాదు, పండ్ల ఈగ. 1971లో రొనాల్డ్ కొనొప్కా, సీమోర్ బెంజర్ ఒకే జన్యువులో మూడు రకాల మార్పులున్న ఈగలను కనుగొన్నారు. వాటిలో ఒక రకం ఈగలకు రోజు 19 గంటలు, మరో రకానికి 28 గంటలు, మూడో రకానికి రోజు అన్నదే లేదు. ఆ జన్యువుకు పీరియడ్ అని పేరు పెట్టారు. దాని పనితీరును విడదీసి చెప్పినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఈగల కథ చాలా చోట్ల చదవడానికి దొరుకుతుంది కనుక ఇక్కడ ఆపి, మన వర్గానికి, అంటే క్షీరదాలకు వస్తాను.

క్షీరదాల్లో మొదటి ఆధారం వెతకకుండానే చేతికి వచ్చింది. మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనాకర్ ప్రయోగాల కోసం తెప్పించుకున్న, ఎలుకను పోలిన హామ్‌స్టర్లనే చిన్న జంతువుల్లో ఒక మగది పూర్తి చీకట్లో 22 గంటలకొకసారి బోనులో తాను పరుగెత్తే చక్రం తిప్పడం మొదలుపెడుతోంది. ఆ జాతికి అలవాటైన 24 గంటలు దానికి లేవు. దాని సంతానాన్ని పెంచి చూస్తే, మారిన జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉన్నవాటికి 22 గంటలు, రెండు ప్రతులూ ఉన్నవాటికి 20 గంటలు వచ్చింది. 1988లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. ఆ తర్వాత 1990లో చేసిన ప్రయోగం నా దృష్టిలో ఈ శాస్త్రంలోకెల్లా నిర్ణయాత్మకమైనది. మెదడు అడుగున, రెండు కళ్ల నుంచి వచ్చే నాడులు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, సుప్రాకయాస్మాటిక్ కేంద్రకం అనే చిన్న కణసముదాయం ఉంటుంది. దాన్ని తొలగిస్తే జంతువు వేళాపాళా లేకుండా తిరుగుతుందని 1972 నాటికే తెలుసు. అలా తొలగించిన హామ్‌స్టర్లలో మరో హామ్‌స్టర్ పిండం నుంచి తీసిన అదే కణజాలాన్ని నాటినప్పుడు, వాటి దినచర్య తిరిగి వచ్చింది. అయితే వచ్చిన రోజు పొడవు నాటించుకున్న జంతువుది కాదు, కణజాలం ఇచ్చిన జంతువుది. 24 గంటల హామ్‌స్టర్‌లో 20 గంటల కణజాలం నాటితే అది 20 గంటల హామ్‌స్టర్ అయింది. కాలపు లెక్క ఎక్కడ ఉందన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఊహించలేము.

కానీ ఆ జన్యువు ఏదో అప్పటికి తెలియదు. హామ్‌స్టర్ జన్యువులను వెతికే సాధనాలు అప్పటికి లేవు. అందుకే జోసెఫ్ తకహాషి, మార్తా విటటెర్నా, వారి సహచరులు ఎలుకలను ఎంచుకున్నారు. జన్యువుల్లో యాదృచ్ఛికంగా మార్పులు తెచ్చే రసాయనాన్ని మగ ఎలుకలకు ఇచ్చి, వాటి సంతానాన్ని ఒక్కొక్కదాన్నీ చీకట్లో ఉంచి చక్రం తిప్పే వేళలు నమోదు చేశారు. వాటిలో ఒకదాని రోజు పొడవుగా ఉంది. ఆ మార్పు రెండు ప్రతుల్లోనూ ఉన్న ఎలుకలకు రోజు 27, 28 గంటలకు సాగి, చీకట్లోనే ఉంచితే చివరికి క్రమమే పోయింది. 1994లో ప్రకటించిన ఈ మార్పుకు క్లాక్ అని పేరు పెట్టారు. 1997లో ఆ జన్యువును విడదీయగలిగారు. అదే సంవత్సరం, ఈగల పీరియడ్‌ను పోలిన జన్యువులు ఎలుకల్లోనూ మనుషుల్లోనూ ఉన్నాయని తేలింది. ఈగకూ మనిషికీ పూర్వికులు వేరై అరవై కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూ అయి ఉంటుంది. అంత కాలం చేతులు మారిన పనిముట్టు ఇది.

ఇప్పుడు కణంలోకి వెళదాం. క్లాక్ అనే ప్రోటీన్, బీమాల్1 అనే మరో ప్రోటీన్‌తో జతకట్టి, కణకేంద్రకంలో డీఎన్ఏపై ఈ-బాక్స్ అనే ఆరు అక్షరాల గుర్తు ఉన్న చోట కూర్చుంటుంది. ఆ గుర్తు ఉన్న జన్యువులు అప్పుడు పనిచేయడం మొదలుపెడతాయి. వాటిలో, పైన చెప్పిన పీరియడ్ జన్యువును పోలిన పెర్1, పెర్2, వాటితో పాటు క్రై1, క్రై2 ముఖ్యమైనవి. ఈ జన్యువుల నుంచి వచ్చిన ఆర్ఎన్ఏ కేంద్రకం బయటికి వెళ్లి పెర్, క్రై ప్రోటీన్లుగా తయారవుతుంది. ఆ ప్రోటీన్లు ఒకదానితో ఒకటి కలిసి, తిరిగి కేంద్రకంలోకి వచ్చి, తమను పుట్టించిన క్లాక్-బీమాల్1 జంటనే అణచివేస్తాయి. కొత్త ఆర్ఎన్ఏ ఆగిపోతుంది. ఉన్న పెర్, క్రై క్రమంగా విచ్ఛిన్నమై తగ్గిపోయాక, క్లాక్-బీమాల్1కు అడ్డు తొలగి, పని మళ్లీ మొదలవుతుంది. మెదడులోని కేంద్ర గడియారంలో, అంటే సుప్రాకయాస్మాటిక్ కేంద్రకంలో, పెర్ ఆర్ఎన్ఏ పగటిపూట పెరుగుతుంది, ప్రోటీన్ సాయంత్రానికి నిండుతుంది, రాత్రంతా అణచివేత సాగుతుంది, తెల్లవారే వేళకు ప్రోటీన్ కరిగిపోతుంది. బీమాల్1 జన్యువును పూర్తిగా తొలగించిన ఎలుకలకు చీకట్లో క్రమమే ఉండదని 2000లో తేలింది. క్రై1, క్రై2 రెండింటినీ కలిపి తొలగించినా అంతేనని అంతకు ఏడాది ముందే తెలిసింది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసినది ఒకటుంది. ఇదే పని ఏ అడ్డూ లేకుండా జరిగితే ఒక చుట్టుకు కొద్ది గంటలే పడుతుంది. ప్రోటీన్ తయారవుతుంది, లోపలికి వెళ్తుంది, అణచివేస్తుంది, పోతుంది, అంతే. దాన్ని 24 గంటలకు సాగదీసేది కేసీన్ కైనేజ్ 1 అనే ఎంజైము. అందులో డెల్టా, ఎప్సిలాన్ అని రెండు రూపాలు ఈ పనికి సంబంధించినవి. ఇది పెర్ ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ ముక్కలను తగిలిస్తుంది. ఒక నిర్దిష్టమైన చోట ఫాస్ఫేట్ తగిలితే పెర్‌కు అది 'విచ్ఛిన్నం చేయవచ్చు' అన్న ముద్ర. ఆ ముద్రను గుర్తించి కణంలోని యంత్రాంగం పెర్‌ను ముక్కలు చేస్తుంది. మరో చోట వరుసగా ఫాస్ఫేట్లు తగిలితే దానికి వ్యతిరేక ఫలితం ఉంటుంది, ఆ పెర్ కొంతకాలం భద్రంగా నిలుస్తుంది. ఒకే ఎంజైము, ఒకే ప్రోటీన్ మీద, చోటును బట్టి మరణాన్నీ రక్షణనూ కూడా ఇస్తోంది. ఈ రెండింటి మధ్య తూకమే రోజు పొడవు. ఆ హామ్‌స్టర్ రహస్యం 2000లో ఇక్కడే బయటపడింది. దానిలో మారినది కేసీన్ కైనేజ్ 1 ఎప్సిలాన్ జన్యువు, అదీ దాని ప్రోటీన్‌ను కూర్చే అమైనో ఆమ్లాల్లో ఒక్కటి మాత్రమే. ఆ మార్పు వల్ల పెర్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది, అణచివేత త్వరగా ముగుస్తుంది, రెండు ప్రతులూ మారితే కొత్త రోజు నాలుగు గంటలు ముందే మొదలవుతుంది. మొదటిసారి ఈ సంబంధం అర్థమైనప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని తరగతిలో ఎలాగైనా పిల్లలకు పంచాలని ఇప్పటికీ ప్రయత్నిస్తుంటాను.

మనుషుల్లోనూ అదే జరుగుతుందని 2001లో రుజువైంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కుటుంబంలో తరతరాలుగా కొందరు సాయంత్రం ఏడున్నర ప్రాంతంలోనే నిద్ర ఆపుకోలేక పడుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకే పూర్తిగా మేల్కొనేవారు. వారిలో ఒకరిని కాలం తెలియని గదిలో ఉంచి పరీక్షించినప్పుడు వారి లోపలి రోజు 23.3 గంటలు మాత్రమే ఉంది. లూయీ టాచెక్, యింగ్-హుయ్ ఫూ, వారి సహచరులు ఆ కుటుంబంలో పెర్2 జన్యువును చదివి, ఆ ప్రోటీన్‌లో 662వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట గ్లైసీన్ అనే మరొకటి ఉందని కనుగొన్నారు. సెరీన్‌కు ఫాస్ఫేట్ తగులుతుంది, గ్లైసీన్‌కు తగలదు. పైన చెప్పిన రక్షణ ఫాస్ఫేట్ల వరుస మొదలయ్యే చోటు సరిగ్గా అదే. వరుస మొదలుకాలేదు కనుక పెర్2కు రక్షణ లేదు, త్వరగా పోతుంది, రోజు కుదించుకుపోతుంది. నాలుగు గంటలకే లేచి ముంగిట కల్లాపి చల్లే పెద్దవాళ్లందరికీ ఈ మార్పు ఉందని నేను అనడం లేదు. వయసుతో పాటు నిద్ర వేళలు ముందుకు జరగడం వేరే విషయం. కానీ మనం స్వభావమనీ అలవాటనీ అనుకునేదాని అడుగున ఒక్క అక్షరం మార్పు ఉండే అవకాశం ఉందని ఆ కుటుంబం వల్ల తెలిసింది.

దీనికి ఎదురు దిశలో కూడా ఉదాహరణలున్నాయి. క్రై ప్రోటీన్‌ను విచ్ఛిన్నానికి పంపే ఎఫ్‌బీఎక్స్ఎల్3 అనే ప్రోటీన్‌లో లోపమున్న ఎలుకలకు రోజు 26, 27 గంటలకు సాగుతుంది. క్రై పోకుండా నిలిచిపోవడం వల్ల అణచివేత సాగుతుంది. 2017లో మైకేల్ యంగ్ ప్రయోగశాల మనుషుల్లో క్రై1 జన్యువులో ఒక మార్పును వివరించింది. ఆ మార్పు ఉన్నవారిలో క్రై1 మామూలు కంటే బలంగా అణచివేస్తుంది, గడియారం నెమ్మదిస్తుంది, నిద్ర అర్ధరాత్రి దాటి ఎంతకీ రాదు, ఉదయం మెలకువ రాదు. అటువంటి పిల్లవాణ్ని ఇంట్లో సోమరి అని తిట్టడం ఎంత సులభమో మనందరికీ తెలుసు.

క్లాక్-బీమాల్1 మీద మరో చుట్టు కూడా ఉంది. రెవ్-ఎర్బ్ ఆల్ఫా అనే ప్రోటీన్ బీమాల్1 జన్యువును అణచివేస్తుంది, రోర్ అనే కుటుంబం దాన్ని పెంచుతుంది. ఇది ప్రధాన చుట్టును స్థిరంగా ఉంచడానికీ, కొవ్వు, గ్లూకోజు పనులను గడియారంతో ముడిపెట్టడానికీ ఉపయోగపడుతుంది.

కేంద్ర గడియారంలో సుమారు 20,000 నాడీకణాలు ఉంటాయి. విడదీసి పెడితే ఒక్కో కణం తన లెక్కను తాను నడుపుకుంటుంది, ఆ లెక్కలు కొద్దికొద్దిగా తేడాగా ఉంటాయి. కలిసి ఉన్నప్పుడు మాత్రం, నాట్లు వేసే ఆడవాళ్ల చేతులు పాటకు కలిసినట్టు, అన్నీ ఒకే వేళకు కలుస్తాయి. ఆ ఉమ్మడి వేళను బయటి రోజుతో కలిపేది కన్ను. అయితే చూపునిచ్చే కణాలు మాత్రమే ఈ పని చేయవు. నేత్రపటలంలో మెలనాప్సిన్ అనే రంగుపదార్థం ఉన్న కొద్దిపాటి నాడీకణాలు, నీలి వెలుతురుకు ఎక్కువగా స్పందిస్తూ, నేరుగా మెదడులోని గడియారానికి కబురు పంపుతాయి. రాత్రి పూట ఆ కబురు అందితే పెర్1 జన్యువు వేళ కాని వేళ పనిచేయడం మొదలుపెడుతుంది. రాత్రి మొదటి భాగంలో వెలుతురు పడితే గడియారం వెనక్కి జరుగుతుంది, చివరి భాగంలో పడితే ముందుకు జరుగుతుంది. 1999లో హార్వర్డ్ పరిశోధకులు జాగ్రత్తగా కొలిచినప్పుడు మనిషి లోపలి రోజు సగటున 24 గంటల 11 నిమిషాలని తేలింది. అంటే చాలామందికి ప్రతి ఉదయం వెలుతురు ఆ కొద్ది నిమిషాలను ముందుకు లాగవలసి ఉంటుంది.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచే విషయం ఒకటి చెప్పాలి. పొలం గట్లకు బొక్కలు పెట్టే పందికొక్కు రాత్రి తిరుగుతుంది, ఉడుత పగలు తిరుగుతుంది. రెండింటి గడియారాలూ తలకిందులుగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. రాత్రి తిరిగే ఎలుక జాతుల్లోనూ పగలు తిరిగే జాతుల్లోనూ కేంద్ర గడియారాన్ని పరీక్షించినప్పుడు, పెర్ జన్యువు రెండింట్లోనూ పగలే పెరుగుతుందని తేలింది. గడియారం చూపే వేళ ఒకటే. ఆ వేళకు లేవాలా పడుకోవాలా అన్నది గడియారం తర్వాతి మెదడు భాగాలు నిర్ణయిస్తాయి.

అందువల్ల మనిషి ఎన్నేళ్లు రాత్రి పని చేసినా రాత్రి జంతువు కాలేడు. మా బావమరిది ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రి పని చూస్తాడు. ఆ పనిలో కష్టమైన వేళ తెల్లవారుజామే. రాత్రంతా చెరువులోని జీవులన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి, నీటిలోని నాచు వెలుతురు లేక కొత్తగా ఆక్సిజన్ తయారు చేయలేదు. అందువల్ల సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ కనిష్ఠానికి పడిపోతుంది. ఆ వేళకు కరెంటు పోయి, నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వెంటనే వేయకపోతే, రొయ్యలు గట్టు వారకు తేలి వస్తాయి. సరిగ్గా అదే వేళకు, నాలుగు ఐదు గంటల మధ్య, మనిషి శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలో అతి తక్కువగా ఉంటుంది, చురుకుదనం అడుగంటుతుంది. టార్చిలైటు వేసుకుని గట్టు మీద నడుస్తున్న మనిషి కణాల్లో పెర్, క్రై అణచివేత ఇంకా పూర్తిగా తొలగలేదు. ఉదయం ఇంటికి వస్తూ ఎండ కళ్లలో పడుతుంది కనుక గడియారం పగలుకే కట్టుబడి ఉంటుంది. మధ్యాహ్నం నిద్రపోదామంటే శరీరం ఒప్పుకోదు.

"బావా, పగలంతా పండుకున్నా గానీ నిద్దర చాల్లేదు. తిన్నది అరగడంలా. ఏందో మనిషి కుదురుగా ఉండడంలా," అన్నాడు మొన్న ఇంటికి వచ్చినప్పుడు.

"రాత్రి ఎన్నింటికి తింటున్నావు అబ్బయ్యా?" అని అడిగాను.

"ఒంటిగంటకు. మేత చూసొచ్చి, చెక్ ట్రేలు లేపి చూసినాక, క్యారియర్లో అన్నం, చేపల పులుసు తింటా. అప్పుడే ఆకలేస్తది."

ఆ జవాబు వెనక చాలా శాస్త్రం ఉంది. గడియారపు జన్యువులు మెదడులోనే కాక శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ నడుస్తాయని 1998లో స్విట్జర్లాండ్‌లో ఉయెలీ షిబ్లర్ బృందం ప్రయోగశాలలో పెంచిన మామూలు కణాల్లో చూపింది. కాలేయానికీ, క్లోమానికీ, గుండెకూ సొంత గడియారాలున్నాయి. ఎలుకలో ఏదో ఒక అవయవంలో రోజుతో పాటు పెరిగి తగ్గే జన్యువులు, ప్రోటీన్లను తయారు చేసే జన్యువుల్లో నూటికి నలభైకి పైనే ఉన్నాయని 2014లో తేలింది. ఈ అవయవాల గడియారాలకు వెలుతురు కంటే భోజన వేళ బలమైన సూచన. రాత్రి తినే ఎలుకలకు పగలు మాత్రమే తిండి పెడితే, వాటి కాలేయ గడియారం కొద్ది రోజుల్లో తలకిందులవుతుంది. మెదడులోని గడియారం మాత్రం చెక్కుచెదరదని అదే బృందం 2000లో నిరూపించింది. అర్ధరాత్రి భోంచేసే మనిషిలో మెదడు పగలు వేళ చెబుతుంటే కాలేయం మరో వేళ చెబుతుంది. మా బావమరిదికి నిద్రలేమి కంటే ఈ రెండు వేళల మధ్య తేడా ఎక్కువ ఇబ్బంది కలిగిస్తోందని నా అనుమానం.

ఇది కేవలం అరుగుదల సమస్యగా మిగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని 2007లో, బహుశా క్యాన్సర్ కలిగించే అంశాల వర్గంలో చేర్చింది. 2019లో రాత్రి షిఫ్టును మళ్లీ పరిశీలించి అదే వర్గంలో ఉంచింది. రాత్రి పని మానమని మా తీరంలో ఎవరికీ చెప్పలేము. చెరువు మీద అప్పు తెచ్చినవాడికి తెల్లవారుజామున నిద్రపోయే వీలు ఉండదు. మార్చుకోగలిగినది భోజన వేళ. 2021లో ప్రకటించిన ఒక అమెరికా ప్రయోగంలో, 19 మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో రాత్రి డ్యూటీ చేసినట్టే ఉంచి, కొందరికి రాత్రీ పగలూ, కొందరికి పగలు మాత్రమే భోజనం పెట్టారు. రాత్రి తిన్నవారిలో భోజనం తర్వాత రక్తంలో చక్కెర పెరిగింది. పగలు మాత్రమే తిన్నవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. 19 మంది చిన్న సంఖ్యే, వారు యువకులు, వారు పనిచేసింది గట్ల మీద కాదు. అయినా ఆ ఫలితం, కణాల్లో మనకు తెలిసిన యంత్రాంగంతో పొసగుతోంది కనుక దాన్ని మా బావమరిదికి చెప్పాను. క్యారియర్‌ను సాయంత్రం పనికి వెళ్లేముందే ఇంట్లో ఖాళీ చేసి, ఒంటిగంటకు ఆకలేస్తే మజ్జిగతో సరిపెట్టుకుని చూస్తానన్నాడు. ఈ పంట పట్టుబడి అయ్యేదాకా అలా చేసి, షుగరు పరీక్ష చేయించుకుంటానన్నాడు.